మునియమ్మత్త ఇంటికి ఆరు కిలోమీటర్లు

మా మామగారు హనుమంతప్ప సైకిలు తొక్కడం మానేసిన రోజు నాకు బాగా గుర్తు. 2007 శ్రావణమాసం. సేలంలో కొన్న పాత తెల్ల కారును మా ఆయన మంజునాథ్ తెచ్చి ఇంటి ముందు నిలబెట్టాడు. ముసలాయన టెంకాయ కొట్టి, హారతి ఇచ్చి, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టించి, అక్కణ్ణుంచి నేరుగా పశువుల కొట్టంలోకి వెళ్ళాడు. నలభై మూడేళ్ళు తొక్కిన సైకిలును బయటికి తోసుకొచ్చి, వీధిలో పోతున్న పాత ఇనుప సామాన్లవాణ్ణి పిలిచి ఇచ్చేశాడు. ఉల్లిపాయల బండివాడితో అరగంట వాదించే మనిషి, ఆ రోజు బేరం కూడా ఆడలేదు. "ఎత్తుకొని పో" అన్నాడంతే.

"గుర్తుగానైనా ఉంచుకోకూడదా మామా?" అని అడిగాను.

"గుర్తా? నా మోకాళ్ళనడుగమ్మా, అవి చెప్తాయి" అన్నాడు.

నాది కుప్పం. ఈ ఇంట్లో అందరూ తెలుగే మాట్లాడతారు, గడప దాటితే తమిళం. తెలుగు చదవడం, రాయడం వచ్చింది మాత్రం నాకొక్కదానికే. కాబట్టి మామ గురించి నేనేం రాసినా ఈ ఇంట్లో ఎవరూ చదివి తప్పు పట్టలేరు. ఆ ధైర్యంతోనే రాస్తున్నాను.

మా ఊరు నల్లంపల్లి దాటి సేలం వైపు మూడు కిలోమీటర్ల దూరంలో, ధర్మపురి నుంచి సేలం పోయే రోడ్డు పక్కన ఉంది. మామకు నాలుగేళ్ళప్పుడు తల్లి పోయింది. అక్క మునియమ్మకు అప్పుడు పన్నెండేళ్ళు. ఆమే సంగటి కెలికి, ముద్ద చేసి, నోట్లో పెట్టి పెంచింది. ఆమెకు పదహారు నిండగానే పెళ్ళి చేశారు. అత్తిల్లు ఎక్కడో కాదు, రోడ్డుకు అవతల పక్క. ఇవతల పుట్టిల్లు, అవతల అత్తిల్లు, మధ్యలో చింతచెట్ల నీడలో సన్నని తారు రోడ్డు. గంటకు రెండు లారీలు పోతే గొప్ప. ఎనిమిదేళ్ళ తమ్ముడు పొద్దున లేచి మొహం కడుక్కుని రోడ్డు దాటి అక్క దగ్గరికి పోయి తినేవాడు. బావ కృష్ణప్ప మంచివాడు కాబట్టి ఏమీ అనలేదు.

ఇరవై ఒకటో ఏట మామ సైకిలు కొన్నాడు. దాని క్యారియర్ మీద మొదట కూర్చున్నది మునియమ్మత్తే. ధర్మపురిలో తేరు చూపిస్తానని ఎక్కించుకుని, ఊరి పొలిమేర దాటకముందే రాగి చేలో పడేశాడు. ఆమె మోచేతి మీద మచ్చ ఇప్పటికీ ఉంది. ఎప్పుడు చూపించినా నవ్వుతూనే చూపిస్తుంది.

ఆ తర్వాత ఆ సైకిలు పని పూలు మొయ్యడమే. చామంతి, కనకాంబరం. తెల్లవారకముందే కోసి, తడి గోనెపట్టలు కప్పిన రెండు గంపలు క్యారియర్‌కు కట్టి, ఎండ ఎక్కేలోపల ధర్మపురి పూలమండికి చేర్చాలి. వానకు, చలికి, జ్వరానికి సెలవు లేదు. మా ఆయన చిన్నప్పుడు ముందు కడ్డీ మీద కూర్చుని ఆ గంపలతోపాటే బడికి వెళ్ళేవాడు. బడి ముందు దిగగానే తోటి పిల్లలు ముక్కు మూసుకుని "పూలగంప వచ్చిందిరా" అనేవాళ్ళట. ఆయనకు నలభై దాటాయి, నల్లంపల్లిలో సొంత ఎరువుల కొట్టు ఉంది, అయినా ఆ మాట చెప్పేటప్పుడు గొంతు మారుతుంది.

అందుకే ఆయన కారు పిచ్చిని నేను ఎగతాళి చేస్తానే కాని తిట్టను. కొట్టుకు కారు, క్షవరానికి కారు, వీధి చివర కొత్తిమీర కట్టకు కూడా కారు. నడిచిపోతే ఎవరైనా చూస్తారని భయమేమో. అబద్ధం చెప్పడం ఎందుకు, నాకూ ఆ కారు ఇష్టమే. మా మరిది గోకుల్‌కు కడుపులో పేగు వాచి మెలికలు తిరిగిపోతుంటే, ఇరవై నిమిషాల్లో ధర్మపురి ఆసుపత్రికి చేర్చింది ఆ కారే. బస్సు కోసం నిలబడి ఉంటే ఏమయ్యేదో.

కారు వచ్చిన రోజుల్లోనే రోడ్డు కూడా మారింది. చింతచెట్లన్నీ కొట్టేశారు. నాలుగు వరసల రోడ్డు వేసి, నడుమ గోడ కట్టి, గోడ మీద గన్నేరు మొక్కలు పెట్టారు. గంటకు రెండు లారీలు పోయే చోట నిమిషానికి పది పోసాగాయి. మనుషులు దాటడానికి దారి ఇవ్వలేదు. గోడ దూకి దాటబోయి ఒక్క ఏడాదిలో మా ఊరివాళ్ళు ఇద్దరు పోయారు, ఒక గేదె పోయింది. మునియమ్మత్త ఇంటికి మా ఇంటినుంచి రెండు వందల అడుగుల దూరం. కారులో వెళ్ళాలంటే నల్లంపల్లి దాకా మూడు కిలోమీటర్లు పోయి, అక్కడ గోడకు సందు ఉన్నచోట తిరిగి, మళ్ళీ మూడు కిలోమీటర్లు వెనక్కి రావాలి. రెండు వందల అడుగులు ఆరు కిలోమీటర్లయ్యాయి.

"నాయనా, నువ్వు రోడ్డు దాటొద్దు. అత్తను చూడాలంటే చెప్పు, కారులో నేను తీసుకుపోతాను" అని మా ఆయన ఖచ్చితంగా చెప్పేశాడు. తప్పు చెప్పాడని నేననను. కాని ఆయనకు కొట్టులో తీరిక దొరికేది వారానికో, పది రోజులకో ఒకసారి. రోజూ ఒకరి మొహం ఒకరు చూసుకున్న అక్కాతమ్ముళ్ళు అలా పది రోజులకొకసారి చూసుకునేవాళ్ళయ్యారు.

ఆ మరుసటి ఏడాది మా అమ్మాయి శాలిని ప్లస్ వన్‌లో, అంటే పదకొండో తరగతిలో చేరింది. సర్కారు బడి పిల్లలకు ఇచ్చే సైకిలు దానికీ ఇచ్చారు. నల్లంపల్లి నుంచి పొలాల్లో ఉన్న పాత బండిబాట వెంబడి తొక్కుకుంటూ, మొహం వెలిగిపోతూ వచ్చింది. అరుగు మీద కూర్చున్న మామ లేచి నిలబడ్డాడు.

"ఏంటికి తెచ్చినావు అది? ఎవరికన్నా లేనివాళ్ళకు ఇచ్చెయ్. మనింట్లో వండి ఉండాది." కారును ఆయన తమిళంలో వండి అనే అంటాడు.

"తాతా, నన్నొక్కదాన్ని దింపేదానికి రోజూ అంత పెద్ద కారు ఏంటికి? స్కూల్లో పసుమై పడైలో మా టీచర్ లెక్క వేసి చూపించినారు, ఒక కారు ఎంత పొగ వదుల్తుందో" అంది శాలిని. పసుమై పడై అంటే బడిలో మొక్కలు నాటి, గాలీ నీళ్ళ గురించి చెప్పే పిల్లల గుంపు. ఆ గుంపుకు ఇది నాయకురాలు.

"పొగ సంగతి నాకు చెప్తావా? నలభై ఏండ్లు లారీల పొగ మింగినోణ్ణి నేను. నా కాళ్ళు అరిగింది నీ కాళ్ళు అరగకూడదనే. నా మనవరాలు సైకిలు తొక్కితే, హనుమంతప్ప ఇల్లు మళ్ళీ మొదటికి వచ్చిందని ఊరు అనుకుంటుంది."

"అప్పా, నువ్వన్నా చెప్పు" అని అది తండ్రి వైపు తిరిగింది.

"తాత చెప్పింది సరి. ఆ రోడ్డులో సైకిలా? సేఫ్ కాదు" అన్నాడు ఆయన.

"రోడ్డు ఎక్కను. బండిబాటలో పోతాను."

"వద్దంటే వద్దు" అని తాతా తండ్రీ ఒకేసారి అన్నారు. ఆ ఇద్దరూ ఏకమైన సంగతి నా కాపురంలో అదొక్కటే. సైకిలు ప్లాస్టిక్ కాగితాలతో సహా పశువుల కొట్టంలోకి వెళ్ళింది. శాలిని కారులో వెనక సీట్లో మూతి ముడుచుకుని బడికి వెళ్ళింది.

ఇక్కడ నా తప్పొకటి చెప్పాలి. మూడో వారం నుంచి, మామ మధ్యాహ్నం కునుకు తీసే సెలవు రోజుల్లో, అది సైకిలు తీసి తొక్కుతోందని నాకు తెలుసు. ఎక్కడికి వెళ్ళేదో కూడా తెలుసు. ఊరి చివర వాననీళ్ళు పోవడానికి రోడ్డు కింద పెద్ద మోరీ కట్టారు. మేకలు తోలేవాళ్ళు అందులోంచే అవతలికి తోలుకుపోతారు. శాలిని కూడా ఆ మోరీలోంచి సైకిలు తోసుకుని మునియమ్మత్త ఇంటి వెనకకు తేలేది. అత్త దానికి వేయించిన వేరుశనక్కాయలు ఇచ్చి పంపేది. ఆ కాయల్లో సగం నేను తినేదాన్ని. అందుకే చెప్పలేదు.

2009 సంక్రాంతి వెళ్ళిన తర్వాత గోకుల్ పెళ్ళి కుదిరింది. మా ఇంట్లో పెళ్ళి పిలుపులకు ఒక వరస ఉంది. మొదటి పత్రిక కులదైవం ముందు పెట్టాలి. రెండోది ఇంటి పెద్ద ఆడపడుచుకు. ఇంటి పెద్ద స్వయంగా వెళ్ళి, కోడలు ఆమెకు బొట్టు పెట్టి, తాంబూలం తట్ట చేతికివ్వాలి. ఆమె అందుకున్నాకే మూడో ఇంటి గడప తొక్కాలి. పందిట్లో ముహూర్తపు గుంజ నాటేటప్పుడు దానికి మొదటి పసుపు పూసేదీ ఆమే. నేను కోడలిగా వచ్చిన ఏడాది నన్ను కూర్చోబెట్టి ఈ వరసంతా నేర్పింది మామే. మా పెళ్ళికి ఆయన సైకిలు మీద నలభై ఇళ్ళు పిలిచాడు. నాలుగు రోజులు పట్టింది. మొదట వెళ్ళింది రోడ్డు అవతలికే.

ఈసారి కారు ఉంది కాబట్టి ఒక్క రోజులో ముగించాలని మా ఆయన పట్టుదల. గురువారం పొద్దున బయలుదేరాం. ఆయన నడుపుతున్నాడు. మామ ఇస్త్రీ చొక్కా వేసుకుని ముందు సీట్లో కూర్చున్నాడు. వెనక సీట్లో నేను, ఒడిలో తాంబూలం తట్ట, పక్కన పత్రికల సంచి. రోడ్డు ఎక్కేచోట మా ఆయన బండి ఆపాడు.

"నాయనా, ఇప్పుడు అత్త ఇంటికి పోవాలంటే నల్లంపల్లి దాకా పోయి వెనక్కి రావాల. మళ్ళా ధర్మపురికి పోవాలంటే ఇంకా కిందికి పోయి తిరగాల. సాయంత్రం వచ్చేటప్పుడయితే అత్త ఇల్లు మన దోవలోనే, చేతి పక్కనే తగుల్తుంది. అప్పుడు ఇద్దాం."

లెక్క ప్రకారం ఆయన చెప్పింది నూటికి నూరు పాళ్ళు సరి. మామ ఒక్క క్షణం ఆలోచించాడు.

"సరేలే. డీజల్ దండగ" అన్నాడు.

ధర్మపురి వైపు తిరిగి పది గజాలు పోగానే, నడుమ గోడకు అవతల, ఇంటి ముందు మునియమ్మత్త కనిపించింది. రంగు చీర కట్టుకుని, తలలో పూలు పెట్టుకుని వాకిట్లో నిలబడి ఉంది. ఆ రోజు పిలుపులని ఆమెకు తెలుసు. మామ అద్దం దించాడు. చెయ్యి బయటికి పెట్టి ఊపాడు. ఆమె కూడా చెయ్యెత్తింది. కారు ముందుకు పోయింది.

నేను చూశాను. వరస నాకూ తెలుసు. పద్దెనిమిదేళ్ళుగా ఈ ఇంటి కోడల్ని. ఎప్పుడూ మూతపడని నా నోరు ఆ రోజే మూతపడింది. అద్దం ఎక్కించాక లోపల చల్లగా, హాయిగా ఉంది, అంతే.

నల్లంపల్లిలో పదకొండు ఇళ్ళు, ధర్మపురిలో పదహారు, అక్కణ్ణుంచి ఏ. పళ్లిపట్టి వైపు పదమూడు. ప్రతి ఇంట్లోనూ మజ్జిగో కాఫీయో ఇచ్చారు, సగం తాగి సగం వదిలి లేచాం. సాయంత్రం అయిదున్నరకు, చెప్పినట్టే, మునియమ్మత్త ఇంటి ముందు కారు ఆగింది. పొద్దుటి చీరతోనే అరుగు మీద కూర్చుని ఉంది. పక్కన ఆమె భర్త కృష్ణప్ప బావ. మమ్మల్ని చూసి ఆయన లేచాడు, ఆమె లేవలేదు.

నేను తట్ట ముందుకు చాపాను.

"అక్కడ పెట్టమ్మా" అంది, చెయ్యి చాపకుండా.

కుంకుమ భరిణె తీశాను. మొహం పక్కకు తిప్పుకుంది. "పొద్దున పెట్టుకున్న బొట్టు ఇంకా చెరగలేదు."

"అక్కా..." అన్నాడు మామ.

"మధ్యాహ్నం మన చుట్టం చిన్నకణ్ణు వచ్చింది నల్లంపల్లి నుంచి. చేతిలో పత్రిక. నీకు ఇంకా ఇవ్వలేదా అని అడిగింది. మండపం ఏదో ఆమె చెప్తే తెలిసింది నాకు."

"రోడ్డు చుట్టి రావాల కదా అక్కా, అందుకని..."

"చుట్టి రావాల. నిజమే. బాగా చెయ్యండి కల్యాణం. గుంజకు నేను రాను."

అంతే. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేది, మామ కూడా పెంచేవాడు, కాసేపు అరుచుకుని సర్దుకునేవాళ్ళు. ఆమె లేచి, మోకాలి మీద చెయ్యి ఆనించుకుంటూ లోపలికి వెళ్ళిపోయింది.

గుంజ నాటేది ఆ పై శుక్రవారం. ఎనిమిది రోజులు. ఆ ఎనిమిది రోజుల్లో మా ఆయన మూడుసార్లు కారేసుకుని అత్త దగ్గరికి వెళ్ళాడు. ఒకసారి మిఠాయి పొట్లంతో, ఒకసారి పట్టుచీరతో, ఒకసారి వట్టి చేతులతో. కారు సద్దు వినగానే ఆమె వెనక కొట్టంలోకి వెళ్ళిపోయేది. బావ బయటికి వచ్చి వానల గురించి మాట్లాడి పంపేవాడు.

"ఇంకో ముత్తైదువ చేత పూయిద్దాం నాయనా. పెళ్ళి నిలపలేము కదా" అన్నాడు మా ఆయన బుధవారం నాడు.

"ఆమె చేత్తో ముద్ద పెడితే పెరిగినోణ్ణి. ఆ చెయ్యి పడకుండా ఈ ఇంట్లో గుంజ లేవదు. అమ్మాయి వాళ్ళకు ఏం చెప్పుకొంటావో చెప్పుకో" అన్నాడు మామ. అని, కారు వైపు చూసి, "అందులో కూకుంటే కడుపులో తిప్పుతుంది" అని కూడా అన్నాడు. ఏడాదిన్నరగా తిప్పని కడుపు అది. గోకుల్ పాపం మొహం వేలాడేసుకుని తిరిగాడు.

శుక్రవారం పది గంటలకు ముహూర్తం. తొమ్మిది కాకముందే మామ స్నానం చేసి, కొత్త పంచె కట్టుకుని, నన్ను పిలిచాడు.

"ఇంద్రాణీ, తాంబూలం తట్ట సర్దు. కుంకుమ భరిణె తీసుకో. అక్కను పిలిచేదానికి పోతాము."

మా ఆయన కారు తాళాలు చేతికి తీసుకున్నాడు.

"వండి వద్దు. రోడ్డు దాటి పోతాను, వాకిట్లోకి. మునుపు పోయినట్ల."

"నాయనా, లారీ కింద పడతావు! నీకేమన్నా అయితే ఈ పెళ్ళి..." అని ఆయన అడ్డంగా నిలబడ్డాడు. ఇద్దరూ అరుచుకుంటున్నారు. పందిరి వేసేవాళ్ళు చేతులు కట్టుకుని చూస్తున్నారు.

"తాతా, మోరీలో పోదాం" అంది శాలిని.

అందరూ దాని వైపు చూశారు. తర్వాత నా వైపు చూశారు.

"నాకు తెలుసు" అన్నాను. అంతకన్నా ఏం చెప్పను?

మామ కోప్పడతాడనుకున్నాను. పిల్ల దగ్గరికి వచ్చి అడిగాడు: "అందులో సైకిలు పడుతుందా?"

"పడుతుంది తాతా."

మోరీ దాకా వాగు గట్టు మీద అరకిలోమీటరు పోవాలి. ఆయన మోకాళ్ళకు నడక పడదు, తొక్కుడు పడుతుంది. శాలిని కొట్టంలోంచి సైకిలు తెచ్చింది. ముందు బుట్ట, కిందికి వంగిన కడ్డీ, ఆడపిల్లల సైకిలు. మామ దాన్ని కొమ్ములున్న గేదెను చూసినట్టు చూశాడు. బుట్టలో తాంబూలం తట్ట పెట్టించుకుని, పంచె ఎగగట్టి ఎక్కాడు. మొదటి పది గజాలు అటూ ఇటూ ఊగాడు. తర్వాత నిలదొక్కుకున్నాడు. వెనక నేనూ శాలినీ పరుగులాంటి నడక.

మోరీలో అయిదడుగుల ఎత్తే ఉంది. దిగి, వంగి, తోసుకుంటూ పోవాలి. అడుగున బురద, మేకల పెంటికలు. నెత్తి మీద లారీలు పోతుంటే ఒళ్ళంతా అదిరింది. నాకు భయం వేసింది. నా కూతురు ఇందులో పోతోందని తెలిసీ వేరుశనక్కాయలు తింటూ కూర్చున్నందుకు సిగ్గు కూడా వేసింది.

మునియమ్మత్త వెనక కొట్టంలో గేదెకు గడ్డి వేస్తోంది. ముందు శాలినిని చూసింది. ఆ పిల్ల ఆ దారిన రావడం ఆమెకు అలవాటే. దాని వెనక, మోకాళ్ళ దాకా బురదైన కొత్త పంచెతో, ఆడపిల్లల సైకిలు పట్టుకుని వస్తున్న తమ్ముణ్ణి చూసి, చేతిలో గడ్డితో అలాగే నిలబడిపోయింది.

"ఏమిరా హనుమా ఇది!"

"పిలిచేదానికి వచ్చినాను అక్కా."

"ఊరంతా పిలిచి అయింది కదరా."

"నలభై ఇండ్లకు పోయినాను. ఒక్క ఇంట్లో గూడ మజ్జిగ గొంతు దిగలేదు. కొడుకు మీద, రోడ్డు మీద నెట్టేదానికి రాలేదక్కా. సరే అని అన్నోణ్ణి నేనే. తప్పు నాది."

ఆమె గడ్డి కింద వేసి, చేతులు కొంగుకు తుడుచుకుంది.

"ఆ పొద్దు నేను ఏంటికి వాకిట్లో నిలబడినానో తెలుసునా? నువ్వు కారులో ముందర కూకొని వస్తావని. పక్కింటోళ్ళను గూడ పిలిచినాను, చూడండి, నా తమ్ముడు ఎట్ల పోతా ఉండాడో అని. గంపలు మోసి మోసి పెరిగినోడు కదరా నువ్వు. చూసి నాకు కడుపు నిండిపాయె. నువ్వు చెయ్యి ఊపితివి. చుట్టి వస్తాడు అని లోపలికి పోయి మజ్జిగ కలిపి పెట్టినాను. నిలబడినాను, నిలబడినాను. మజ్జిగ పులిసిపాయె."

మామ సైకిలు హ్యాండిల్ పట్టుకుని ఏడ్చాడు. అరవై ఆరేళ్ళ మనిషి, చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. నేనూ ఏడ్చాను, దాచడం ఎందుకు.

"అత్తా, ఆ పొద్దు నేను వెనక సీట్లోనే ఉండాను. నేనన్నా చెప్పాల్సింది" అన్నాను.

"చెప్పాల్సిందే. ఊరంతటికీ వినబడే నోరు, ఆ పొద్దు యాడికి పోయిందే?" అని నుదురు నా ముందుకు పెట్టింది. "ఊ, పెట్టు బొట్టు. ముహూర్తం దాటిపోతుంది."

బొట్టు పెట్టాను. మామ తట్ట ఇచ్చాడు. రెండు చేతులా అందుకుంది.

ముందు వాకిట్లో కారు హారన్ మోగింది. మా ఆయన ఊరుకోలేక ఆరు కిలోమీటర్లు చుట్టి వచ్చాడు. సైకిలుతో సహా అందరం ముందు వాకిట్లోకి వచ్చాం.

"అత్తా, రా, కారెక్కు! ఇంకా కిందికి పోయి తిరిగినా పావుగంటలో ఇంట్లో ఉంటాము" అన్నాడు.

ఆమె కారును చూసింది, సైకిలును చూసింది. "నువ్వు పోరా మంజూ, మేము వస్తాము" అని క్యారియర్ మీద పక్కకు తిరిగి కూర్చుంది. "హనుమా, రాగి చేలో పడేసినావంటే ఊరుకోను" అంది. మామ హ్యాండిల్ పట్టుకున్నాడు, శాలిని వెనకనుంచి తోసింది, నేను అత్త వీపు పట్టుకున్నాను. మోరీలో ఆమె తల దించుకుని కూర్చుంది. లారీ పోయినప్పుడల్లా "అయ్యో దేవుడా" అంది. పడకుండా ఇల్లు చేరాం.

తిరిగే చోట లారీల వరసలో ఇరుక్కుని మా ఆయన కారు వచ్చేసరికి గుంజకు మొదటి పసుపు పూయడం అయిపోయింది. ఆయన దిగి, పసుపు చేతులతో నిలబడ్డ అత్త కాళ్ళకు దణ్ణం పెట్టాడు.

భోజనాలయ్యాక మామ శాలినిని పిలిచాడు.

"సోమవారం నుంచి సైకిల్లో పో బడికి. బండిబాటలోనే. రోడ్డు ఎక్కినట్ల తెలిసిందో, కాళ్ళు విరగ్గొడతాను. ఆ మోరీలో ఒంటిగా పోవద్దు. పోయేటప్పుడు నన్ను గూడ పిలువు" అన్నాడు. మా ఆయన మాత్రం ఇప్పటికీ కొత్తిమీరకు కారులోనే వెళ్తాడు.

సాయంత్రం మునియమ్మత్త ఇంటికి బయలుదేరింది. శాలిని సైకిలు తీస్తుంటే వద్దంది.

"కారులో పోతాను. ముందర సీట్లో కూకుంటాను" అంది.

మా ఆయన మొహం చూడాలి. పరుగెత్తి తలుపు తీశాడు. ఆమెను ముందు కూర్చోబెట్టి బెల్టు కట్టాడు. మామా నేనూ వెనక కూర్చున్నాం. రోడ్డెక్కి ధర్మపురి వైపు తిరగగానే, గోడకు అవతల ఆమె ఇల్లు, అరుగు మీద ఒంటరిగా కృష్ణప్ప బావ.

"అద్దం దించు మంజూ" అంది.

చెయ్యి బయటికి పెట్టి ఊపింది. బావ కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాడు. చూసి, తనూ చెయ్యి ఊపి, గబగబా లేచి లోపలికి వెళ్ళాడు.

"మజ్జిగకు పోయినాడు" అన్నాడు మామ, వెనకనుంచి.

"ఊ" అంది ఆమె.

"మంజూ, యాడా నిలపొద్దు. పోనీ, బిరబిరా పోనీ" అన్నాడు మామ.

నల్లంపల్లి దాకా వెళ్ళి, తిరిగి, వెనక్కి వచ్చాం. బావ నాలుగు గ్లాసులతో వాకిట్లో నిలబడి ఉన్నాడు. మామ అందరికన్నా ముందు దిగి, అడుగు చుక్క దాకా తాగి, ఇంకో గ్లాసు అడిగాడు.